వెన్న అడిగిన శవం

శవం వెన్న అడిగిన పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసింది బైండరుగారమ్మాయి. మళ్ళీ తెరిచింది. వెన్న అక్కడే ఉంది, శవమూ అక్కడే ఉంది. హమ్మయ్య అనుకుంది. గోడమీద గడియారం పదకొండూ పది. తన వంతు పన్నెండుకి. మూసిన తలుపుకి అవతల గుటక మేడం, మేడం ఎదురుగా క్లాసులో ఫస్టొచ్చే మహానుభావుడు. ఇవతల ఒక కాలు పొట్టిదైన బెంచీ, ఆ బెంచీ మీద తను. ఈ ఒక్క వైవా గట్టెక్కితే పై చదువుకి సీటు, తప్పితే వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్ళీ ఇదే బెంచీ, ఇదే పొట్టికాలు. ఊపిరి గట్టిగా పీలిస్తే చాలు టకటకమంటోంది వెధవ బెంచీ, తన గుండె చప్పుడు చాలనట్టు. మేడంకి ఆ పేరు పిల్లలు ఊరికే పెట్టలేదు. ప్రశ్న వేసేముందు గ్లాసెత్తి ఒక గుటక నీళ్ళు తాగుతుంది. ఒక గుటకైతే మామూలు ప్రశ్న, రెండు గుటకలైతే కష్టమైన ప్రశ్న, మూడు గుటకలు వేసిందంటే ఇక ఇంటికెళ్ళి పెళ్ళి చూపులకి కూర్చోవడమేనని సీనియర్లు చెప్పారు. తలుపుకి చెవి ఆనించి వింటే గుటకలు వినిపిస్తాయా? ఛ, వినిపించవు. అయినా భయమెందుకు, నిన్న తన వ్యాసం మొదటి పేజీ మీద మేడం స్వయంగా ఎర్రసిరాతో రాసింది కదా, "పుస్తకం వెంట తీసుకుని రా, మాట్లాడాలి" అని. మిగతా వాళ్ళకి రాలేదు ఆ మాట. మాట్లాడాలి అంటే మెచ్చుకోవాలి అనేగా అర్థం, తిట్టడానికైతే పుస్తకమెందుకు, మనిషి చాలదూ?

చీటీలేసి తలా ఒక పాత నవల పంచిపెట్టారు క్లాసులో. తన చీటీలో వచ్చింది ఇది, నూటయాభై ఏళ్ళ నాటి కోట కథ. మూడు నెలల కిందట మొదటి రోజు పాతిక పేజీలు చదివేసరికే ఆవలింతలు వచ్చిన మాట నిజం. ఒకటే వాన, ఒకటే పొగమంచు. రచయిత మబ్బు గురించి మొదలుపెడితే భోజనం వేళకి గానీ వదలడు. కొత్త పెళ్ళికూతురు గుర్రపుబండిలో అత్తారింటికి బయల్దేరుతుంది, దారి పొడుగునా కాకులు, చెట్లు, మళ్ళీ కాకులు. సరిగ్గా అప్పుడు, బండి కోట ముందు ఆగినప్పుడు, తన ప్రాణం లేచొచ్చింది. ఆ వాక్యం కంఠతా వచ్చు తనకి. "పెళ్ళికూతురు బండి దిగి, ఇక తన బతుకంతా ఇక్కడే కదా అనుకుంటూ, మెట్లమీద నుంచి ఆడపడుచును ఒక్క తోపు తోసింది." అబ్బ! ఏం వేగం! పరిచయం లేదు, పలకరింపు లేదు, కాళ్ళు కడుక్కోవడం లేదు, దిగీ దిగగానే తోసేయడం! ఇప్పటి సినిమాల వాళ్ళు నేర్చుకోవాలి. ఆ తరవాత ముప్ఫై పేజీలు శవాన్ని ఈడ్చడం, గొయ్యి తవ్వడం, నడుముకున్న తాళాలగుత్తి తీసుకోవడం. తను ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా మరిచిపోయి చదివింది. చివరికి పెళ్ళికూతురు సమాధి మీద పిడికెడు మట్టి వేసి వెనక్కి తిరిగేసరికి, పేజీ తిప్పితే, "ఆడపడుచు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఏమమ్మాయీ, ఆ వెన్న కాస్త ఇటు జరుపు, అంది."

ఒళ్ళు జలదరించింది. దయ్యమంటే గొలుసులు చప్పుడు చేస్తుందనీ, తెల్లచీర కట్టుకుని చెట్టుకి వేలాడుతుందనీ ఇన్నాళ్ళూ అనుకుంది గానీ, పూడ్చిపెట్టిన మనిషి వచ్చి వెన్న అడగడంలో ఉన్న భయం ఏ చెట్టుకి వేలాడితే వస్తుంది? పైగా పెళ్ళికూతురు కిక్కురుమనకుండా వెన్న జరుపుతుంది! ఆ భాగం అమ్మమ్మకి చదివి వినిపించింది. అమ్మమ్మ గుడ్డముక్కతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ విని, "ఇందులో భయమేముందే?" అంది. "చచ్చిపోయిన మనిషి అమ్మమ్మా! తనే చంపింది!" అంటే, "అయితే ఏమైంది? మా ఆడపడుచూ అంతే. ఎన్నిసార్లు మనసులో పూడ్చిపెట్టినా భోజనం వేళకి హాజరు," అంది. ఆ మాట కూడా వ్యాసంలో పెట్టేసింది తను, అమ్మమ్మ పేరు చెప్పకుండా "ఒక అనుభవజ్ఞురాలి అభిప్రాయం" అని. పెట్టకుండా ఉండాల్సిందా? పన్నెండు పేజీల వ్యాసం. మృతులకు కాలంతో పనిలేదని ఒక పేజీ. ఈ కోటలో చావు ఒక చిన్న అసౌకర్యం మాత్రమేనని ఒక పేజీ. వెన్న మీద రెండున్నర పేజీలు.

ఎందుకు రాయకూడదు, మేడమే కదా చెప్పింది మొదటి క్లాసులో, ఈ రకం నవలల్లో ఎందుకు అని అడగొద్దు, వెన్నులో చలి పుట్టిందా లేదా అదొక్కటే చూసుకోండి అని. తను ఆ మాట నోట్సులో రాసుకుని చుట్టూ డబ్బా కూడా గీసింది. అందుకే ఆఖర్న ఇంకో వింత ఎదురైనప్పుడు కూడా ఎందుకు అని అడగలేదు. కథ ముదిరి పాకాన పడుతుంది, ఆడపడుచు ఏదో దాస్తోందని తేలిపోతుంది, ఇద్దరూ మెట్లమీద ఎదురుపడతారు. "ఇక తప్పదని పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ చాచి, ఆడపడుచును ఆప్యాయంగా కౌగిలించుకుని, ఇదేనా మన ఇల్లు, అంది." అన్నీ మరిచిపోయిందన్నమాట. మళ్ళీ మొదటి నుంచి పరిచయాలు. ఇది హాలు, ఇది వంటగది, వీడు పాత నౌకరు, ఇవి దుప్పట్లు. దుప్పట్ల బీరువా గురించి నాలుగు పేజీలు! కోట కొంప మునగబోతుంటే దుప్పట్లు లెక్కపెట్టించే రచయిత గుండెధైర్యం చూసి చేతులు జోడించింది తను. పెళ్ళికూతురు ఆ దుప్పట్లన్నీ చూసి ముఖం కడుక్కుని వచ్చేసరికి "కోట మొత్తం భగ్గున మండుతోంది." అంతే, బూడిద, సమాప్తం. ఆ దుప్పట్లకే అంటుకుందని తను తేల్చింది వ్యాసంలో. సాక్ష్యం ఎక్కడా లేదు. రచయిత దాచాడని రాసింది.

పదకొండున్నర. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. మహానుభావుడు లేచాడా? లేదు, మేడమే లేచినట్టుంది. నీళ్ళగ్లాసు నింపుకోవడానికా? అమ్మో, అంటే అప్పుడే ఒక గ్లాసు అయిపోయిందా? చేతులు చెమటలు పట్టాయి. చెమట చేత్తో పుస్తకం పట్టుకోకూడదు, నాన్న చూస్తే ఊరుకోడు. అట్ట మీద వేళ్ళ గుర్తులు చూస్తే ఆయనకి అన్నంలో రాయి తగిలినట్టే ఉంటుంది. ఈ అట్ట ఆయన వేసిందే, ఈ కుట్టు ఆయన కుట్టిందే. లైబ్రరీలో పాత పుస్తకాలన్నీ ఏటా మూటగట్టి నాన్న షాపుకే వస్తాయి. ఎదురు షాపు వాడు మెషిను తెచ్చి జిగురుతో అతికిస్తున్నాడు, గంటకి నలభై పుస్తకాలు. "జిగురుతో అతికిస్తే దాన్ని పుస్తకం అనరమ్మా, క్యాలెండరు అంటారు," అంటాడు నాన్న. లైబ్రేరియన్‌కి మాత్రం మెషినంటే మోజు, ఏదైనా వంక దొరికితే మూట అటు తిప్పేద్దామని చూస్తుంటాడు. ఇన్నేళ్ళలో దొరకలేదు. ఒక్క కుట్టు వదులు లేదు, ఒక్క పేజీ తిరగబడలేదు. చీటీలో ఈ నవల వచ్చినప్పుడు అందుకే సంబరపడింది తను, నాన్న చేతిలో కొత్తగా పెళ్ళికూతురై వచ్చిన పుస్తకం కదా అని. చెదలు తిన్న పైఅంచు బాగా లోపలికి కోయాల్సి వచ్చిందట, పేజీ నంబర్లు పైనే ఉండేవి గనక కోతలో అవీ పోయాయి. పేజీ నంబరు లేకపోతే చదవలేరా ఏంటి, పూర్వం తాళపత్రాలకి నంబర్లున్నాయా, అన్నాడు నాన్న.

కిటికీలోంచి ఎండ పుస్తకం మీద పడింది. పేజీ అడుగున, అంచుకి ఆనుకుని, చీమ తలంత అంకె కనిపించింది. ఫారం నంబరు. పుస్తకమంటే జనానికి పేజీలు గానీ, బైండరు ఇంట్లో పుట్టినవాళ్ళకి ఫారాలు. పెద్ద కాగితాన్ని మడతలు పెడితే వచ్చే ముప్ఫైరెండు పేజీల కట్ట ఒక ఫారం. ప్రతి కట్టకీ మొదటి పేజీ అడుగున ఒక చిన్న అంకె అచ్చేస్తారు, ఒకటి, రెండు, మూడు, ఆ వరసలో పేర్చి కుట్టుకోమని. పాఠకులకి అది కనిపించదు, అది పాఠకుల కోసం కాదు. అలవాటు కొద్దీ చూసింది తను, వంటవాడి కూతురు పెళ్ళి భోజనంలో ఉప్పు చూసినట్టు. మొదటి ఫారం, ఒకటి. సరే. రెండో ఫారం, రెండు. సరే. ఆడపడుచును తోసిన పేజీ, ఎనిమిది.

ఎనిమిదా?

కాదు, ఎండ కళ్ళలో పడుతోంది. అరచేయి అడ్డం పెట్టి చూసింది. ఎనిమిదే, రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్న నికార్సయిన ఎనిమిది. గబగబా తిప్పింది. వెన్న పేజీ, నాలుగు. ఐదు. ఆరు. ఏడు. కౌగిలించుకున్న పేజీ, మూడు. భగ్గున మండిన పేజీ, తొమ్మిది. తిప్పడం ఆపి ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. బెంచీ టకటకలాడింది. అంటే బండి దిగగానే ఆడపడుచును తొయ్యలేదు, కౌగిలించుకుంది. అందరూ చేసే పనే చేసింది. ఇల్లు చూసింది, దుప్పట్లు చూసింది, ముఖం కడుక్కుంది, బల్ల దగ్గరికొస్తే బతికున్న ఆడపడుచు బతికున్న నోటితో వెన్న అడిగింది. ఆకలేసి అడిగింది! ఆ వెన్న మీద రెండున్నర పేజీలు రాసింది తను! మృతులకు కాలంతో పనిలేదు అని రాసింది, దాని కింద స్కేలు పెట్టి గీత కూడా గీసింది. భూమి చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండు, బెంచీతో సహా తీసుకున్నా అభ్యంతరం లేదు. "పుస్తకం వెంట తీసుకుని రా." ఓహో. మెచ్చుకోవడానికి కాదన్నమాట.

పదకొండూ నలభై. ఇంకా ఇరవై నిమిషాలుంది, తెలివైన మనిషికి చాలు. మేడం, పుస్తకం తప్పుగా కుట్టారు, నా తప్పేం లేదు, అనేస్తే సరి. చూడండి అంకెలు, మీరే చూడండి. మేడం చూస్తుంది. పాపం అంటుంది. మార్కులు వేస్తుంది. వేశాక ఊరుకుంటుందా, పుస్తకం లైబ్రేరియన్‌కి పంపుతుంది, లైబ్రేరియన్ ఆ మూడునీ ఎనిమిదినీ బల్లమీద పెట్టుకుని పండగ చేసుకుంటాడు. సాయంత్రానికి మూట ఎదురు షాపులో ఉంటుంది. నాన్న షాపు మెట్లమీద నిలబడి చూస్తాడు. ఏమీ అనడు. తిట్టే మనిషైతే బాగుండేది. పోనీ తను చెప్పకపోతే? వెన్న సిద్ధాంతాన్నే పట్టుకుని వేలాడితే? మూడు గుటకలు. ఏడాది గోవిందా. మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియదా నాన్నకి? తెలుసు. అంకెలు ఆయనకి ఊపిరితో సమానం. కనిపించలేదంతే. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించమని అడుగుతున్నాడు, దారం ముతకదొచ్చిందని దారాన్ని తిడుతున్నాడు. పేపరు చాచిన చెయ్యంత దూరం పెట్టి చదువుతున్నాడు. కళ్ళజోడు మాటెత్తితే, "కళ్ళజోడు పెట్టుకున్న బైండరుకి పనెవరిస్తారే, కుంటి గుర్రాన్ని చూపించి బండి కట్టించుకోమన్నట్టు!" అని నవ్వేస్తాడు. అయినా ఇన్నేళ్ళూ తప్పు రాలేదే, ఇప్పుడే ఎందుకు వచ్చింది. ఇన్నేళ్ళూ, అంటే తను బళ్ళో చేరినప్పటి నుంచీ, ఫారాల నంబర్లు పైకి చదివింది ఎవరు?

నంబర్లు చదివింది తను. చాపమీద కూర్చుని ఒకటి నాన్నా, రెండు నాన్నా, అని పాటలా చెబుతుంటే ఆయన అరచేత్తో కట్టని తట్టి పక్కన పేర్చేవాడు. ఆయన చూసేవాడే కాదు, వినేవాడు. కిందటేడు మూట విప్పిన రోజున, "చిన్నీ, ఒక్కసారి రామ్మా, నంబర్లు," అని పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. తను గదిలోంచే, "నాకు చదువుకునే పనుంది నాన్నా, నువ్వే చూసుకో!" అని అరిచింది. ఏం చదువుతోంది అప్పుడు? ఈ వెధవ నవలల మీద నోట్సు. ఎందుకు అని అడగొద్దు, చుట్టూ డబ్బా. ఆయన మూడోసారి పిలవలేదు.

తలుపు తెరుచుకుంది. క్లాసు ఫస్టు బయటికొచ్చాడు, నీళ్ళలో ముంచి తీసినట్టున్నాడు. "ఎన్ని గుటకలు?" అంది. "రెండు," అన్నాడు, "నువ్వెళ్ళు తల్లీ, నిన్నే పిలుస్తోంది," అని గోడ పట్టుకుని నడిచిపోయాడు.

లోపల బల్లమీద గ్లాసు, గ్లాసు పక్కన తన వ్యాసం, వ్యాసం పక్కన ఇదే నవల, వేరే అట్టతో, మేడం సొంత ప్రతి. మేడం గ్లాసెత్తింది. ఒకటి.

"కూర్చో. ఆడపడుచు ఎప్పుడు చనిపోతుంది?"

"మేడం, మా... మా పుస్తకంలోనా?"

రెండు. "మీ పుస్తకం, మా పుస్తకం అని రెండున్నాయా?"

తెచ్చిన పుస్తకం బల్లమీద పెట్టింది. పెట్టేటప్పుడు కుట్టు కనిపించింది, నిటారుగా, బిగుతుగా, ఒక్క పోగు జారకుండా. ఎంత అందంగా తప్పు కుట్టాడో నాన్న. గ్లాసు మూడోసారి లేస్తోంది. లేచి పెదాల దాకా వెళ్ళకముందే తన నోరు దానంతటది తెరుచుకుంది.

"తప్పు నాది మేడం. మూడో ఫారం స్థానంలో ఎనిమిదోది పడింది. కుట్టింది మా నాన్నే గానీ, నంబర్లు చెప్పాల్సింది నేను. పిలిస్తే వెళ్ళలేదు. వ్యాసంలో రాసిందంతా తప్పు, వెన్నతో సహా. నాకు సున్నా వేయండి. లైబ్రేరియన్ గారికి మాత్రం చెప్పకండి మేడం, చెప్తే మా నాన్న చేతిలోంచి పని లాగేస్తారు."

గ్లాసు కిందికి దిగింది. గుటక పడలేదు. మేడం వ్యాసం తీసి, వెన్న పేజీ తెరిచి చదివి, ముక్కు మీద వేలేసుకుంది. ఆ వేలి వెనక నవ్వుందో కోపముందో పైనున్న దేవుడికే తెలియాలి.

"నేను మొదటిసారి చదివినప్పుడు ఈ దుప్పట్ల దగ్గర నిద్రపోయాను," అంది మేడం చివరికి. "ఇప్పటికీ పిల్లలందరూ అక్కడే నిద్రపోతారు. నువ్వు మాత్రం ఆ బీరువా చూసి వణికిపోయావు. ఎందుకో తెలుసా? ఆ పెళ్ళికూతురు చంపబోతుందని నీకొక్కదానికే ముందే తెలుసు." వ్యాసం మడిచింది. "దీనికి మార్కులు వేయలేను. అచ్చయిన పుస్తకం గురించి కాదుగా ఇది. వారం టైమిస్తాను, సరైన వరసలో చదివి మళ్ళీ రాసుకురా. ఆ 'అనుభవజ్ఞురాలు' ఎవరు?"

"మా అమ్మమ్మ మేడం."

"ఆవిణ్ణి ఉంచు. పుస్తకం విప్పి కుట్టించి, అప్పుడు లైబ్రరీకి తిరిగి ఇవ్వు. నేనెవరికీ చెప్పను." తను లేచి దండం పెట్టబోతుంటే, "ఆగు," అంది. "ఈ ఏడాది మూట కూడా మీ నాన్నగారి దగ్గరికే వెళ్ళిందిగా, మొన్నే? అందులో పక్క బిల్డింగు మెడికల్ కాలేజీ వాళ్ళ ఆపరేషన్ల పాఠ్యపుస్తకం ఉంది. రెండు సంపుటాలు."

వరండాలోకి ఎలా వచ్చిపడిందో తెలియదు. ఆపరేషన్లు! పొట్ట కోసే అధ్యాయం మూడో ఫారంలో ఉండి, మత్తుమందిచ్చే అధ్యాయం ఎనిమిదిలో ఉంటే? ముందు కుట్లు వేసి తరవాత కోసే డాక్టర్లు తయారైతే? నవలలో శవం లేచి వెన్న అడిగితే రెండున్నర పేజీలు రాయొచ్చు, ఆసుపత్రిలో ఎవరూ లేచి ఏమీ అడగరు. ఫోన్ మోగుతోంది, మోగుతోంది, నాన్నకి చేతులకి జిగురుంటే మోచేత్తో ఎత్తుతాడు, అందుకే ఆలస్యం. ఏమని చెప్పాలి? కళ్ళు పోయాయి నాన్నా, కుట్టు ఆపు, అనాలా? అంటే ఆపుతాడు. అన్నం తినడం కూడా ఆపుతాడు. చెప్పకపోతే ఎవడి పొట్టో.

"ఆ, చిన్నీ! ఏమైందమ్మా వైవా? మేడం ఏమంది? పుస్తకం చూసిందా, కుట్టు చూసిందా?"

"చూసింది నాన్నా. కుట్టు చాలా బాగుందట." ఇందులో అబద్ధం లేదు, మేడం అనలేదంతే. "నాన్నా, ఆపరేషన్ల పుస్తకం కుట్టేశావా?"

"ఇప్పుడే పేర్చాను. సూదిలో దారం ఎక్కిస్తున్నా. ఈ దారం ఉంది చూశావూ, దీనమ్మ కడుపు మాడ..."

"ఆపు నాన్నా. నేనొస్తున్నా, నంబర్లు నేను చదువుతా."

"నీకు చదువుకునే పనుందన్నావుగా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే గుచ్చుకుంది. "ఉంది గానీ నాన్నా, సాయంత్రం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, నువ్వు తోడు రావాలి. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది."

"డాక్టరా? ఎవరికి?"

"నాకే. చూపు సరిగ్గా ఆనడం లేదు. చిన్న అంకెలు అలుక్కుపోతున్నాయి. మూడు చూస్తే ఎనిమిదిలా కనిపిస్తోంది."

అవతల జిగురు గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. షాపు ముందు నుంచి ఏదో బండి వెళ్ళింది. పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసుకుని అన్నట్టు, నాన్న గొంతు తగ్గించి అడిగాడు.

"నీక్కూడానా?"